మొదటి వేలంపాటకు ఏది మేలు: గాజుపెట్టెలో చేపా, గోడమీద పులితలా?

ఇంగ్లండ్‌లో పాత వస్తువుల వేలాలకు వెళ్లే తెలుగువాళ్ల చూపు మైసూరులో తోలు నింపి తయారుచేసిన పులితల దగ్గర ఆగిపోవడం సహజం. వేటజంతువుల తోళ్లు నింపి నిలబెట్టిన మైసూరు సంస్థ వాన్ ఇంజెన్ అండ్ వాన్ ఇంజెన్ వాళ్ల పనితనం అలాంటిది. అయినా మొదటిసారి పాడేవాళ్లకు వంపు గాజుపెట్టెలో భద్రపరిచిన పైక్ అనే మంచినీటి చేపే మేలు.

ముందు కాగితాల సంగతి. బ్రిటన్‌లో పులి, చిరుత మౌంట్లు (ఇలా తోలు నింపి నిలబెట్టినవి) అమ్మాలంటే 1947 మార్చి 3కు ముందే తయారైనవని రుజువు చూపాలి, లేదా ఆర్టికల్ 10 సర్టిఫికెట్ (అరుదైన జంతువుల వస్తువులు అమ్మడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతిపత్రం) ఉండాలి. మైసూరు లేబుల్ ఉంది కదా అని ధీమా పడొద్దు. ఆ సంస్థ 1947 తర్వాత కూడా దశాబ్దాలపాటు పనిచేసింది, కాబట్టి లేబుల్ ఎవరు చేశారో చెబుతుంది కానీ ఎప్పుడు చేశారో చెప్పదు. తేదీ ఉన్న బిల్లో, ఉత్తరమో, ఫొటోనో అడగండి. కేటలాగ్‌లో ‘సుమారు 1930’ అని రాస్తే అది వాళ్ల అంచనా మాత్రమే. పైక్, పెర్చ్ చేపలకు ఈ బాధ లేదు. ఇక పులితలను హైదరాబాద్ ఇంటికి తెచ్చుకుందామనే ఆలోచనే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద మన దేశంలో దాన్ని కొనడం, అమ్మడం నేరం. ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కూడా వారసులకు ఇవ్వగలరంతే.

డబ్బు లెక్క రెంటికీ ఒకటే. 400 పౌండ్ల దగ్గర సుత్తి పడితే, ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే కమీషన్) 25 శాతం ఉన్నచోట 100, దానిమీద 20 శాతం వ్యాట్ మరో 20, మొత్తం 520 పౌండ్లు. ఆన్‌లైన్‌లో పాడితే ఆ సైట్ రుసుము కూడా ఉందేమో ముందే చూసుకోండి.

పులితలను దగ్గరగా, పక్కనుంచి టార్చి వేసి చూడాలి. తోలు ఎండేకొద్దీ లాగుకుపోయి పెదవుల అంచున, కళ్ల మూలల్లో, చెవి మొదట్లో చీలుతుంది. ఆ చీలికను మైనంతో పూడ్చి రంగు వేస్తారు. 365 నానోమీటర్ల యూవీ టార్చి కింద కొత్త రంగు చాలాసార్లు చుట్టూ ఉన్నదానికి భిన్నంగా కనిపిస్తుంది. అసలు కోరలైతే సాధారణంగా నిలువునా బీటలుంటాయి. వెంట్రుకల మొదట్లో తవుడులాంటి పొడి, ఖాళీ పురుగు పొట్టు కనిపిస్తే చిమటో కార్పెట్ పురుగో తింటున్నట్టే. దాన్ని చంపాలంటే రెండు పొరల పాలిథీన్‌లో గాలి లేకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు విప్పకూడదు, విప్పితే చెమ్మ తోలుమీదే పడుతుంది. అంత పెద్ద ఫ్రీజర్ ఎందరింట్లో ఉంటుంది? పైగా పాత మౌంట్లకు పాషాణం (ఆర్సెనిక్ విషం) కలిపిన సబ్బు పూసేవారు. నైట్రైల్ గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, బ్రష్‌తో దులపకండి.

చేప విషయంలో ఇంత తంటా లేదు. వార్నిష్ వేసిన చర్మం, సీలు వేసిన పెట్టె, పురుగుకు దారి తక్కువ. లండన్ జె. కూపర్ అండ్ సన్స్ పెట్టెలైతే మరీ ముచ్చట: వంపు గాజు, లేత నీలి వెనకభాగం, రెల్లుగడ్డి, గాజుమీద బంగారు అక్షరాల్లో చేప బరువు, పట్టినవారి పేరు, చోటు, తేదీ. ఆ అక్షరాలే ధర పెంచుతాయి, అందుకే తర్వాత రాయించినవీ ఉంటాయి. పెట్టె పాతబడి అక్షరాలు మాత్రం తళతళలాడుతుంటే అనుమానించండి. రెక్కల అంచులు విరిగాయేమో, పొట్టకింద పసుపు జిడ్డు ఊరిందేమో చూడండి. లోపల మిగిలిన కొవ్వు ఏళ్ల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది, పైన రంగు వేసినా ఆగదు.

వంపు గాజు పగిలితే మళ్లీ చేయించడం కష్టం, ఖర్చు. కొరియర్‌కు అప్పగించకుండా స్వయంగా వెళ్లి తెచ్చుకోండి. చేపపెట్టెను ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గాజు, ప్లాస్టర్, రంగు తలో తీరున ముడుచుకుని పగుళ్లిస్తాయి. లోపల కాస్త దుమ్ముందని అంచుల కాగితపు సీలు చించొద్దు, పురుగుకు తలుపు తీసినట్టే. ఎండ తగలని గోడకు, 50 లక్స్ (వెలుతురు కొలత) మించని వెలుతురులో పెట్టండి.

1947 మార్చి 3కు ముందటి తేదీ ఉన్న బిల్లుతో, చెవులు, పెదవులు చెక్కుచెదరకుండా ఉన్న పులితల ఎదురైతే మాత్రం నిస్సంకోచంగా పాడండి.