ఆపింది ఎవరో కూడా చెబుతుంది: ఎక్స్‌పెక్ట్‌తో నా అనుభవం

పదేపదే తప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చే ఐపీ చిరునామాలను కొంతసేపు నిషేధించే ఫెయిల్‌టుబ్యాన్‌ను సర్వర్‌లో పెట్టి, స్టేటస్‌లో ‘యాక్టివ్’ అన్న మాట చూసి, ఇక భయం లేదనుకునే వాళ్లను చాలామందిని చూశాను. ఆ కాపలా నిజంగా పనిచేస్తోందో లేదో తేలాలంటే మన సర్వర్ మీదికి మనమే తప్పుడు పాస్‌వర్డ్‌లతో వెళ్లి చూడాలి. ఈ పనికి నేను కొన్నేళ్లుగా ఎక్స్‌పెక్ట్ వాడుతున్నాను. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డాన్ లిబెస్ 1990లో లోకానికి పరిచయం చేసిన పనిముట్టు ఇది; టెర్మినల్‌లో వచ్చే ప్రశ్నలకు మన బదులు తానే జవాబులు టైపు చేస్తుంది. ఇంత పాతదాని మీద నాకు ఇంత అభిమానం ఎందుకంటే, అవతలి నుంచి వచ్చే ‘కాదు’ ఏ రకానిదో ఇది విడదీసి చూపిస్తుంది.

దూరంలోని సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్‌ను టెర్మినల్ నుంచే తీసుకుంటుందనీ, అందుకే ఎక్స్‌పెక్ట్ ఒక నకిలీ టెర్మినల్‌ను సృష్టిస్తుందనీ వాడేవాళ్లందరికీ తెలిసిందే. నా స్క్రిప్టులో అసలు ముఖ్యమైనది ఆ తర్వాతి భాగం. ఒకే బ్లాకులో నాలుగు జవాబులకు నాలుగు దారులు రాసుకున్నాను. ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తే సర్వర్ పాస్‌వర్డ్ విని కాదన్నట్టు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే, అవతల ఎస్‌ఎస్‌హెచ్ సేవ నడుస్తూనే ఉంటే, ఫైర్‌వాల్ దగ్గరే ఆగిపోయినట్టు. ఫెయిల్‌టుబ్యాన్ మామూలు సెట్టింగులో నిషేధం పడితే కనిపించేది ఇదే. కనెక్షన్ మొదలై, పాస్‌వర్డ్ అడగకుండానే తెగిపోతే మూడోది. ఏ జవాబూ రాకుండా గడువు దాటిపోతే నాలుగోది. వీటిలో ఏది ఎప్పుడు వచ్చిందో స్క్రిప్టు సమయంతో సహా ఒక ఫైలులో రాస్తుంది.

ఈ విభజన ఎంత అవసరమో 2024 జూలైలో తెలిసింది. ఆ నెల 1వ తేదీన, సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌ను నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సాఫ్ట్‌వేర్ 9.8 వెర్షన్ వచ్చింది. సీవీఈ-2024-6387 అనే తీవ్రమైన లోపాన్ని సరిచేసిన విడుదల కావడంతో ఆలస్యం చేయకుండా ఎక్కించాను. అలవాటు ప్రకారం స్క్రిప్టు నడిపాను. అంతకుముందు వరకు ఒక్కటే వరుస ఉండేది: అయిదు ‘డినైడ్’లు, ఆ వెంటనే ‘రెఫ్యూజ్డ్’, పది నిమిషాల పాటు అదే. ఈసారి మూడు నాలుగు ‘డినైడ్’లు వచ్చి, తర్వాత కనెక్షన్ తెగిపోవడం మొదలైంది. ‘రెఫ్యూజ్డ్’ ఒక్కటీ లేదు. కాసేపాగి నడిపితే మళ్లీ నిక్షేపంగా పాస్‌వర్డ్ అడిగింది. పది నిమిషాల నిషేధం పడి ఉంటే అలా అడగకూడదు.

ఫెయిల్‌టుబ్యాన్ స్టేటస్ చూస్తే సేవ నడుస్తోంది, ఎస్‌ఎస్‌హెచ్‌డి (సర్వర్ వైపు నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము) కోసం పెట్టిన ‘జైలు’ అనే కాపలా తెరిచే ఉంది, మొత్తం విఫల ప్రయత్నాలు మాత్రం సున్నా. సర్వర్ లాగ్ అయిన జర్నల్‌లోనేమో నా తప్పుడు పాస్‌వర్డ్‌లన్నీ వరుసగా కనిపిస్తున్నాయి. ఆ వరుసల మొదట్లో పేరు చూడగానే విషయం అర్థమైంది. ఎన్నో ఏళ్లుగా ‘ఎస్‌ఎస్‌హెచ్‌డి’ అని ఉండేచోట ‘ఎస్‌ఎస్‌హెచ్‌డి-సెషన్’ అని ఉంది. 9.8లో ఆ ప్రోగ్రామును రెండుగా విడగొట్టారు. కనెక్షన్లు అందుకునేది ఒకటి, ఒక్కో లాగిన్‌ను నడిపేది ఇంకొకటి. లాగ్‌లో విఫల ప్రయత్నాలను గుర్తుపట్టే ఫెయిల్‌టుబ్యాన్ ఫిల్టరేమో ఇంకా పాత పేరు కోసమే వెతుకుతోంది. కళ్లముందే జరుగుతున్నవి దాని లెక్కలోకి రావడం లేదు. ఫిల్టర్‌ను లాగ్‌తో పోల్చి చూసే ఫెయిల్‌టుబ్యాన్ రెజెక్స్ పరీక్షలోనూ ఆ వరుసలు సరిపోలలేదు. ఫిల్టర్ లోకల్ ఫైలులో డెమన్ (నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము) పేరు దగ్గర ‘-సెషన్’ ఉన్నా లేకపోయినా సరిపోలేలా ఒక్క వరుస మార్చాక ‘రెఫ్యూజ్డ్’ తిరిగి వచ్చింది.

మరి మధ్యలో కనెక్షన్‌ను తెంపింది ఎవరు? అదే 9.8లో వచ్చిన పర్‌సోర్స్‌పెనాల్టీస్ అనే కొత్త ఏర్పాటు. లాగిన్ విఫలమైన ప్రతి కనెక్షన్‌కు ఆ చిరునామా మీద అయిదు సెకన్ల శిక్ష పడుతుంది. మొత్తం 15 సెకన్లకు చేరితే ఎస్‌ఎస్‌హెచ్‌డి తానే కొంతసేపు ఆ చిరునామాను రానివ్వదు. మంచి ఏర్పాటే, కానీ ఫెయిల్‌టుబ్యాన్ చేసే పది నిమిషాల నిషేధానికి ఇది సాటి కాదు. నా స్క్రిప్టు ‘లోపలికి వెళ్లగలిగానా, లేదా’ అని మాత్రమే చూసేదైతే, ఆ రోజు పరీక్ష నెగ్గిందనే చెప్పేది. అసలు కాపలాదారుకు చూపు పోయిన సంగతి ఎప్పటికో గానీ బయటపడేది కాదు. సేవ నిలబడే ఉండి పని మాత్రం ఆగిపోవడం, ఆ సంగతి ఒక్క హెచ్చరికలోనూ కనిపించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ మార్పుతో పరీక్ష రాసే తీరు కూడా మారింది. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో పాస్‌వర్డ్ ఇస్తే ఫెయిల్‌టుబ్యాన్ వంతు రాకముందే ఎస్‌ఎస్‌హెచ్‌డి అడ్డుపడుతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో కనెక్షన్‌లో మూడేసి తప్పుడు పాస్‌వర్డ్‌లు ఇస్తాను. రెండు కనెక్షన్లకు ఆరు వైఫల్యాలు అవుతాయి, ఫెయిల్‌టుబ్యాన్ నిషేధానికి అయిదు చాలు; ఎస్‌ఎస్‌హెచ్‌డి శిక్ష పది సెకన్లు దాటదు.

ఇదివరకు అడిగినవారికల్లా ఎక్స్‌పెక్టే వాడమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. దాని మామూలు గడువు పది సెకన్లు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంటే ఆలస్యం కూడా నిషేధంలా కనిపిస్తుంది, పెంచుకోక తప్పదు. ఎక్స్‌పెక్ట్ స్క్రిప్టులు రాసే టీసీఎల్ భాషలో డాలర్ గుర్తుకూ చదరపు బ్రాకెట్‌కూ వేరే అర్థాలున్నాయి కాబట్టి, పాస్‌వర్డ్‌లో అవి ఉంటే చిక్కే. పాస్‌వర్డ్ తప్పా ఒప్పా తెలిస్తే చాలనుకునేవారికి, ఎస్‌ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ అందించే చిన్న పనిముట్టు ఎస్‌ఎస్‌హెచ్‌పాస్ తేలిక. పాస్‌వర్డ్ తప్పైతే 5 అనే కోడ్‌తో ముగుస్తుంది. కనెక్షనే కుదరనప్పుడు మాత్రం ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చే 255 ఒక్కటే చేతికి వస్తుంది. కారణం కావాలంటే సందేశాలు విడిగా చదువుకోవాలి. పదుల సంఖ్యలో సర్వర్లు చూసేవారికి పైథాన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లైబ్రరీ పారామికో నయం.

ఎక్కడి నుంచి పరీక్షిస్తున్నామో కూడా చూసుకోవాలి. మొబైల్ డేటాలో ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు. అక్కడి నుంచి చేస్తే నిషేధం వాళ్ల మీదా పడుతుంది. నేను వేరే చిన్న అద్దె సర్వర్ నుంచి చేస్తాను, అదీ ఆ రెండు సర్వర్లను అందించే సంస్థల నిబంధనలూ చదివి, ముందుగా వారికి రాసి తెలిపాకే. స్క్రిప్టులో నిజమైన పాస్‌వర్డ్ ఒక్కటి కూడా ఉండదు. సొంతం కాని సర్వర్ మీద రాతపూర్వక అనుమతి లేకుండా ఇది నడపడం నేరం.

నా చేతిలో ఉన్నవి కొద్ది సర్వర్లే. వాటిలో ఒకదానికి, వాడేవారి అవసరం కొద్దీ, పాస్‌వర్డ్ లాగిన్ ఉంచక తప్పడం లేదు. పాస్‌వర్డ్‌కు బదులు కీ ఫైలుతో చేసే లాగిన్ మాత్రమే ఉన్నచోట పాస్‌వర్డ్ అడగడమే ఉండదు కాబట్టి ఈ స్క్రిప్టుకు అంత పని ఉండదు. నాకు మాత్రం అప్‌గ్రేడ్ జరిగిన ప్రతిసారీ దీన్ని నడపనిదే నిద్ర పట్టదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 10.0 లాగిన్ తనిఖీని ‘ఎస్‌ఎస్‌హెచ్‌డి-ఆథ్’ అనే మరో ముక్కగా వేరుచేసింది. దాన్ని ఎక్కించిన రోజు కూడా, స్టేటస్ ఏం చెప్పినా, ‘రెఫ్యూజ్డ్’ అన్న మాట ఫైలులో పడేదాకా సర్వర్‌ను వాడేవారికి తిరిగి ఇవ్వలేదు.