ఆర్‌వి-7 ప్యానెల్ వైరింగ్: హబ్ కొనాలా, సొంతంగా లాగాలా?

నా ఆర్‌వి-7 (కిట్ కొని సొంతంగా కట్టుకునే చిన్న విమానం) ఎగరడం మొదలై ఏళ్లయింది. ప్యానెల్‌లో గార్మిన్ జి3ఎక్స్ టచ్ డిస్‌ప్లే, ఒక జీపీఎస్ నావిగేటర్, ఆడియో ప్యానెల్ (రేడియో, హెడ్‌సెట్ల ధ్వనిని కలిపే పెట్టె) ఉన్నాయి. వైరింగ్‌కి అప్పట్లో మూడు దారులు కనిపించాయి: మొత్తం షాపులో చేయించడం, మధ్యలో హబ్ (అన్ని పరికరాల కేబుళ్లూ వచ్చి కలిసే పెట్టె) పెట్టి రెడీమేడ్ కేబుళ్లు గుచ్చుకోవడం, ప్రతి వైరూ మనమే లాగడం. పవర్, గ్రౌండ్, కాన్ బస్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల నెట్‌వర్క్) నేనే లాగాను. ఆడియో హార్నెస్ (ముందే సిద్ధం చేసిన వైర్ల కట్ట) కొన్నాను. ఇవాళ మళ్లీ కట్టినా ఇలాగే చేస్తాను.

షాపులో చేయిస్తే అమెచ్యూర్-బిల్ట్ (సొంతంగా కట్టిన విమానం) అర్హత పోతుందని కొందరు భయపడతారు. పోదు. సగానికి పైగా పని మనమే చేశామా అని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చూసే లెక్కలో ఏవియానిక్స్ (ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ పరికరాలు) బిగింపు రాదు.

సొంతంగా చేసేవాళ్లు క్రింపర్ (వైరు చివర పిన్నును నొక్కి బిగించే పనిముట్టు) దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. డి-సబ్ కనెక్టర్లలోని మెషీన్డ్ పిన్నులకు ఎం22520/2-01 రకం, నాలుగు వైపులా నొక్కేది కావాలి. 22 గేజి టెఫ్‌జెల్ వైరు చివర ఒలిచి, పిన్ను పక్కనున్న చిన్న రంధ్రంలో పోగులు కనిపించేదాకా దూర్చి నొక్కాలి. పిడి పూర్తిగా దిగితే గానీ పనిముట్టు వదలదు. ఆ తర్వాత గట్టిగా లాగి చూడాలి. ఇలా కొట్టిన పిన్ను నాకు ఇంతవరకు ఒక్కటీ ఊడలేదు. సోల్డర్ నాకు నచ్చదు. అది పోగుల్లోకి పాకి వైరును బిగుసుకుపోయేలా చేస్తుంది, ఇంజిన్ అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

సొంత వైరింగ్ విలువ తెలిసింది ఆటోపైలట్ పిచ్ సర్వో (విమానం ముక్కును పైకీ కిందకీ కదిపే మోటారు) ఉన్నట్టుండి నెట్‌వర్క్ నుంచి మాయమవడం మొదలైనప్పుడు. పవర్ ఆపి కాన్ బస్ రెండు వైర్లు, కాన్-హై, కాన్-లో మధ్య మీటరు పెట్టాను. బస్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల టెర్మినేషన్ రెసిస్టర్ ఉంటుంది, రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి 60 రావాలి. వైర్ల కట్టను కదిపితే 60, వదిలితే 120. అంటే ఒక చివర అందడం లేదు. వైరు ఏ దారిన వెళ్లిందో, ఏ లేబుల్ ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి నేరుగా సామాన్ల గది వెనకకి వెళ్లాను. బల్క్‌హెడ్ (లోపలి రేకు అడ్డగోడ) దాటే చోట గ్రోమెట్ (రంధ్రం అంచుకి వేసే రక్షణ వలయం) పగిలి, రేకు అంచు వైరును కోసింది. కొత్త వైరు, కొత్త గ్రోమెట్ వేశాక మీటరు 60 దగ్గర కదలకుండా నిలబడింది.

హబ్ మంచిదే. పని త్వరగా తేలుతుంది, రేపు కొత్త పెట్టె పెట్టాలన్నా సులువు. కానీ ప్రతి సిగ్నలూ అదనంగా కనెక్టర్లు దాటాలి, పైగా ఆ హబ్ ఉండేది ప్యానెల్ వెనక. నాది స్లైడర్ కనోపీ (కప్పు వెనక్కి జరుగుతుంది, ముందు అద్దం అలాగే ఉంటుంది). అక్కడికి చెయ్యి పోవాలంటే సీటు తీసి వెల్లకిలా పడుకోవాల్సిందే. అందుకే ప్రతి కట్టకీ కాస్త అదనపు పొడవు వదిలాను, డిస్‌ప్లే విప్పి ఒళ్లో పెట్టుకుని పని చేసుకోవచ్చు.

ఆడియో హార్నెస్ కొనడానికి కారణం షీల్డులు (వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక). ఎన్నో షీల్డెడ్ వైర్లు, చాలావాటికి షీల్డ్ ఒక చివరే గ్రౌండ్ కావాలి. ఒక్కటి తప్పినా హెడ్‌సెట్‌లో ఆల్టర్నేటర్ కూత రావొచ్చు, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. జాక్‌ల దగ్గర, అవి విమానం లోహానికి తగలకుండా, ఇన్సులేటింగ్ వాషర్లు మరవొద్దు.

వారాంతాల్లో తప్ప టైం దొరకనివాళ్లు హబ్ తీసుకోండి, తప్పేం లేదు. డబ్బు కట్టేముందు మాత్రం ఏ పిన్ను ఎక్కడికి పోతుందో చూపే పూర్తి వైరింగ్ డయాగ్రమ్ ఇస్తారా అని అడగండి. "ఇవ్వం" అంటే అక్కడ కొనకండి.