పన్నెండు రోజుల యాత్రలో నాలుగు రోజులు టైర్ల కోసం

పన్నెండు రోజుల యాత్ర అనుకుని బయల్దేరితే నాలుగు రోజులు టైర్ల చుట్టూ తిరగడానికే సరిపోయాయి. అందుకని ఇందులో చూసిన చోట్ల గురించి తక్కువ, టైర్ల కొట్ల గురించి ఎక్కువ ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్యారవాన్, ఒకటే ఇరుసు, కారు వెనక తగిలించుకుని వెళ్ళేది, గరిష్ఠ బరువు 1400 కిలోలు. కొనేటప్పుడు పరుపులు, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి, కిటికీల రబ్బర్లు, కప్పులో ఎక్కడైనా చెమ్మ ఉందా, అన్నీ తట్టి తట్టి చూశాను. టైర్ల దగ్గరకొచ్చేసరికి వంగి గీతల లోతు చూసి, ఆరు మిల్లీమీటర్లు ఉంది, ఇంకేం కావాలి అనుకుని లేచిపోయాను. క్యారవాన్ టైరు అరిగి పోవడం చాలా అరుదని, వయసు మీరే పోతుందని నాకప్పటికి తెలియదు. ఏడాదిలో పదకొండు నెలలు ఒకే చోట ఎండకి నిలబడి ఉండే బండికి గీతలు ఎలా అరుగుతాయి?

రెండో రోజు మధ్యాహ్నం, హైవే మీద 90లో వెళుతున్నాం. నాకు ఏ శబ్దమూ వినపడలేదు, స్టీరింగ్‌లో చిన్న ఊపు మాత్రం తెలిసింది, గాలి అనుకున్నాను. "ఏమండీ, వెనకాల నల్లగా ఏదో ఎగురుతోంది" అని మా ఆవిడ అద్దంలో చూసి చెబితే గానీ ఆపలేదు. దిగి చూస్తే ఎడమ టైరు పేలికలైపోయి ఉంది. అది తిరుగుతూ కొట్టిన దెబ్బలకి చక్రం పైన ఉండే ప్లాస్టిక్ గూడు పగిలి, సింకు కింద నీళ్ళ గొట్టం కూడా తెగింది. టైరు ఖర్చు కంటే ఆ గూడు బాగుచేయించడానికే ఎక్కువైంది తర్వాత.

రోడ్డు మీద సాయం చేసే సర్వీసుకి ఫోన్ చేశాం. మా పాలసీ కారుకే గానీ వెనక తగిలించిన దానికి వర్తించదని అరగంట హోల్డ్‌లో పెట్టి చెప్పారు. ఫోన్ ఎత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది, తప్పు చదవకుండా సంతకం పెట్టిన నాది. మీ పాలసీలో ట్రైలర్ అనే మాట ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

చివరికి నేనే స్టెపినీ వేశాను. కారు నుంచి విప్పకుండా, రెండిటి హ్యాండ్ బ్రేకులూ వేసి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, ఆ తర్వాత జాకీ. జాకీని ఇరుసు దగ్గర బుక్కులో చూపించిన చోటే పెట్టాలి. నాలుగు మూలల దించే కాళ్ళు ఉంటాయి చూడండి, వాటితో బండిని పైకి లేపకూడదు, అవి ఊగకుండా ఆపడానికే, బరువు మోయడానికి కాదు. వాటిని వంచుకున్నవాళ్ళని తర్వాత క్యారవాన్లు ఆపుకునే క్యాంపులో ఇద్దర్ని చూశాను.

స్టెపినీ బిగించాక కుతూహలం కొద్దీ తారీఖు వెతికాను. డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. ఇది టైరుకి చాలాసార్లు ఒక వైపే ఉంటుంది, మా ఖర్మకి లోపలి వైపు ఉంది. బండి కిందకి దూరి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే 2316. అంటే 2016లో 23వ వారం. స్టెపినీకీ అదే, కుడి టైరుకీ అదే. ఎనిమిదేళ్ళు దాటిన టైర్ల మీద పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంత దూరం వచ్చామా అని అప్పుడు చెమటలు పట్టాయి. క్యారవాన్లకి మామూలుగా చెప్పే లెక్క ఐదేళ్ళకి మార్చేయమని, ఎంత బాగున్నట్టు కనిపించినా ఏడు దాటనివ్వొద్దని. రబ్బరులో ఎండకీ ఓజోన్‌కీ తట్టుకోవడానికి మైనం లాంటి పదార్థం కలుపుతారు, టైరు తిరుగుతూ నలుగుతూ ఉంటేనే అది పైకి వచ్చి పొరలా పడుతుంది. కదలకుండా నిలబడ్డ టైరుకి ఆ పొర సరిగా ఏర్పడదు, సన్నగా బీటలు మొదలవుతాయి. దీనికి తోడు నేను గాలి తక్కువ పెట్టాను, కారుకి పెట్టే 35 పీఎస్ఐ దీనికీ పెట్టించాను, పెట్టాల్సింది 43. గాలి తగ్గితే పక్క గోడలు ఎక్కువ వంగి వేడెక్కుతాయి. పైగా నీళ్ళ ట్యాంకు నిండా ఉంది. పేలకపోతే ఆశ్చర్యపోవాలి.

అక్కణ్ణుంచి 60 దాటకుండా మొదటి క్యాంపుకి చేరాం. కంకర పరిచిన చదునైన స్థలం, కరెంటు పాయింటు దగ్గర్లో, స్నానాల గదులు శుభ్రం, కానీ ఒక్క చెట్టు నీడ లేదు. ఒక రాత్రికి పర్వాలేదు, రెండో రాత్రి ఉండలేం. దాని గొప్పతనం ఒక్కటే, హైవే మీదే ఒక టైర్ల కొట్టు ఆనుకుని ఉంది.

ఆ మొదటి కొట్టు. పాత టైరు మీద 195/70 ఆర్ 14 96 ఎన్ అని ఉంది. ఆయన పావుగంటలో 195/70 ఆర్ 14 91 టి తెచ్చి ముందు పెట్టాడు. సైజు అదే, ధర నేననుకున్న దాంట్లో సగం, పైగా "మీ పాతది ఎన్, ఇది టి, ఇంకా మంచిది సార్" అన్నాడు. ఆ మాట నిజమే, వేగం విషయంలో. ఎన్ అంటే గంటకి 140 కిలోమీటర్లు, టి అంటే 190. క్యారవాన్‌తో 190లో ఎవడు వెళతాడు? చూడాల్సింది దాని పక్కనున్న అంకె. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 91 అంటే 615 మాత్రమే. రెండూ కలిపి 1230, బండి 1400. సైజు ఒకటే అయినా పాతది రీఇన్‌ఫోర్స్‌డ్ రకం, అంటే ఎక్కువ బరువు మోసేలా గట్టిగా చేసింది, ఇది మామూలు కారు టైరు. నేను అడిగితే "రబ్బరంతా ఒకటే సార్, అందరూ ఇవే వేసుకుంటారు" అన్నాడు. వాడేసిన టైర్లు కూడా చూపించాడు, మా పాతవాటి కంటే చవక, వాటిలో ఒకటి మా పాతవాటి కంటే ముసలిది. మనిషి చురుకు, పని వేగం, పంక్చర్ అయితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. క్యారవాన్ టైరుకి మాత్రం వద్దు.

మర్నాడు ఉదయం క్యాంపు మార్చాం, దారిలో లారీల కాటా కనిపిస్తే ఆగాం. ఈ యాత్ర మొత్తంలో నేను చేసిన తెలివైన పని ఇదొక్కటే అనుకుంటా. కారుని పలక మీద నుంచి ముందుకి దింపేసి క్యారవాన్ ఇరుసు మాత్రం ఉంచితే 1310 కిలోలు చూపించింది. తర్వాత కొంచెం పక్కకి తెచ్చి ఎడమ చక్రం ఒక్కటే పలక మీద ఉండేలా నిలబెట్టాం, 690. అంటే కుడి వైపు 620. ఎడమ వైపే వంటగది, ఫ్రిజ్జు, నీళ్ళ ట్యాంకు, మా ఆవిడ సర్దిన సామాన్లూ. నలభై లీటర్ల నీళ్ళంటే నలభై కిలోలు, లెక్క అంతే. మొత్తం బరువుని రెండుతో భాగించేసి సరిపోతుందనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. 91 టైరు కుడి వైపుకి కూడా చాలదు, పాత 96 టైరుకి ఎడమ వైపు మిగిలేది 20 కిలోలే. కనీసం పది శాతం మిగులు ఉండాలని అంటారు, ఆ లెక్కన ఎడమ వైపు 759 మోయాలి, అంటే 99 అంకె, 775 కిలోలు. దానికి తగ్గకూడదని అక్కడే పట్టు పట్టాను.

తర్వాత రెండో చోటు, క్యారవాన్లకే ప్రత్యేకమైన సర్వీస్ సెంటర్. ఏసీ గది, కాఫీ, పిల్లలకి బొమ్మలు. నేను పట్టు పట్టిన 99 కాకపోయినా, అడగ్గానే పాతదాని లాంటి 96 టైరు పేరు చెప్పారు, విషయం తెలిసినవాళ్ళే. కానీ స్టాకు లేదు, ఐదు రోజులు ఆగాలి, ధర మొదటి కొట్టు కన్నా రెండింతల పైన. అంతకన్నా నాకు నచ్చనిది ఇంకోటి. తెప్పించే టైరు తారీఖు ఎంతో చెప్పమంటే, కొత్త టైరంటే కొత్తదే అన్నారు. షెల్ఫ్ మీద అదే రకం వేరే సైజు ఉంటే వంగి చూశాను, అది తయారై రెండున్నరేళ్ళయింది. ఐదేళ్ళ ఆయుష్షులో సగం గోదాంలోనే గడిచిపోయిన టైరుకి పూర్తి డబ్బెందుకివ్వాలి? తక్కువ అమ్ముడుపోయే సైజులకి ఈ బాధ ఉంటుంది, ఎవరి తప్పూ కాదు, కానీ అడిగితే విసుక్కోకూడదు కదా.

మూడోది, మా బావమరిదికి ఫోన్ చేస్తే తెలిసింది. సరుకులు చేరవేసే వ్యాన్లు నడుపుతాడు వాడు. "బావా, నీ రిమ్ము 14 కదా, మా వ్యాన్లకి వేసే 185 ఆర్ 14 సి చూడు" అన్నాడు. సి అంటే కమర్షియల్ రకం. అంకె 102/100 అని జంటగా ఉంటుంది, మొదటిది చక్రం ఒంటరిగా ఉన్నప్పుడు, రెండోది వెనక జంట చక్రాలున్న బండ్లకి. మనకి మొదటిదే, 102 అంటే 850 కిలోలు. ఎడమ వైపు 690కి 160 కిలోల మిగులు. వ్యాన్ల వాళ్ళు రోజూ అరగదీసి మార్చే సైజు కాబట్టి కొట్లో నిలవ ఉండదు, వచ్చినవి వచ్చినట్టు పోతాయి, ధర కూడా క్యారవాన్ పేరు పెట్టి అమ్మే దానికన్నా బాగా తక్కువ. మేం వెళ్ళిన కొట్లో ఉన్నవి తయారై మూడు నెలలే. ఏసీ లేదు, కూర్చోడానికి టైర్ల దొంతరే, కాఫీ సంగతి అడక్కండి.

అయితే గుడ్డిగా వేసేయకూడదు. ఈ టైరు పాతదాని కంటే నిలువునా దాదాపు 21 మిల్లీమీటర్లు పెద్దది, అంటే పైన గూడుకీ టైరుకీ మధ్య జాగా సుమారు 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మా బండికి సామాన్లన్నీ ఉండగా కొలిస్తే జాగా పుష్కలంగా ఉంది, అందరికీ ఉంటుందని చెప్పలేను. గుంతలో పడ్డప్పుడు ఇరుసు పైకి లేస్తుందని కూడా లెక్కేసుకోవాలి. రిమ్ము మీద దాని బరువు పరిమితి ముద్రించి ఉంటుంది, అదీ చూశాం. కొట్టతను పాత వాల్వులే ఉంచేస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే, ఈ టైరు పూర్తి బరువుకి అడిగేది కూడా అంతే, అంచు మీద ఎందుకని ఎక్కువ ప్రెషరువి వేయించాను. మన బరువుకి నిండా గాలి అక్కర్లేదు, టైరు కంపెనీ పట్టిక చూసి 52 పెట్టాం. నిండా 65 పెడితే బండి గంతులేస్తుంది, లోపల టీ కప్పులు పగులుతాయి.

బ్యాలెన్సింగ్ అనవసరం అన్నాడు, "లోపల మనుషులు కూర్చోరు కదా" అని. అందుకే కావాలి! కూర్చుంటే ఊపు తెలుస్తుంది, కూర్చోరు కాబట్టి అల్మారాల స్క్రూలు ఊడి కింద పడేదాకా ఎవరికీ తెలియదు. చేయించాను. ఒకే వైపు తిరగాలని బాణం గుర్తు ఉండే డిజైన్లు వద్దన్నాను, స్టెపినీ ఏ వైపుకైనా పనికిరావాలి కదా. బురదలో పట్టుంటుందని లోతు గీతల టైరు చూపిస్తే దానికీ తలూపలేదు, క్యారవాన్ చక్రాలకి ఇంజను ఉండదు, లాగేది కారు.

చక్రాలు క్యాంపుకి తెచ్చి నట్లు నేనే బిగించాను. 50 కిలోమీటర్లు వెళ్ళాక ఆపి, బిగువు ఎంతో కొలిచే టార్క్ రెంచితో చూస్తే కుడి చక్రానికి ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. అక్కడ మార్కు తగ్గింది నాకే.

కాటా తర్వాతి ఈ గొడవంతా రెండో క్యాంపులో ఉండే జరిగింది, అది మాత్రం మళ్ళీ వెళ్ళాలనిపించే చోటు. పెద్ద చెట్ల నీడ, సిమెంటు గచ్చు, జాకీ దిగబడదు. చక్రాలు విప్పి కారులో వేసుకుని కొట్టుకి తీసుకెళ్ళిపోతే మేనేజరు తన స్టాండ్లు ఇచ్చి, బండి ఒక పూట వాటి మీదే ఉండనిచ్చాడు. అలా ఒప్పుకునే క్యాంపులు తక్కువ. మూడోది చెరువు గట్టున, ఫోటోల్లో చూస్తే స్వర్గం, నేల మొత్తం మెత్తన, బయటికి లాగడానికి ట్రాక్టరు కావాల్సి వచ్చింది, దానికి వేరే డబ్బు. పిల్లలకి మాత్రం అదే నచ్చింది.

వచ్చేటప్పుడు గాలి, వేడి చూపించే సెన్సర్లు కూడా పెట్టించాను, కారులో కూర్చున్నవాడికి వెనక టైరు సంగతి చెప్పడానికి ఇంకో దారి లేదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు 52, మధ్యాహ్నం ఎండలో 59 చూపించింది, కంగారుపడి గాలి తీయబోయాను, మా బావమరిది ఫోన్లోనే అరిచాడు. చల్లటి టైరులోనే కొలవాలి, వేడికి పెరిగింది తీయకూడదు.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. స్టెపినీ కూడా కొత్తదే కొన్నాను, ఆ పెరిగిన 21 మిల్లీమీటర్ల వల్ల అది బండి కింద చట్రంలో పట్టలేదు. ముందు గ్యాసు పెట్టెలో పెడితే కారు కొక్కెం మీద బరువు పెరుగుతోంది, వెనక మంచం కింద పెడితే తోక ఊగుతోంది. ప్రస్తుతానికి ఇరుసుకి సరిగ్గా పైన, నడిచే దారిలో, దుప్పటి చుట్టి బెల్టుతో కట్టి పెట్టాం. రాత్రి లేచిన ప్రతివాళ్ళూ దానికి కాలు తన్నుకుంటున్నారు.