11 ఏళ్లు, 5,800 గంటలు: మా 45 హెచ్‌పీ ట్రాక్టరుకు నిజంగా అయిన ఖర్చు

2014 జూన్‌లో, తొలకరికి ముందు మేము కొన్న 45 హెచ్‌పీ ట్రాక్టరు అవర్ మీటరు ఇటీవల 5,800 గంటలు దాటింది. గుడివాడకు దగ్గరలోని మా ఊళ్లో సొంతం ఆరెకరాలు, కౌలుకు తీసుకున్న ఎనిమిదెకరాలు దీనితోనే సేద్యం చేశాను. మిగిలిన రోజుల్లో చుట్టుపక్కల చేలకు కిరాయికి పంపాను. మూడు సిలిండర్ల ఇంజను, మెకానికల్ డీజిల్ పంపు, నూనెలో మునిగి ఉండే బ్రేకులు, డబుల్ క్లచ్ ఉన్న బండి ఇది. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే విషయాల్లో చాలావరకు ఈ తరగతి ట్రాక్టర్లన్నింటికీ వర్తిస్తాయి. పైగా ఒక్క బండి అనుభవంతో ఒక సంస్థను పొగడడం గానీ తప్పుపట్టడం గానీ న్యాయం కాదని నా అభిప్రాయం. మొదటి రోజు నుంచి గంటలు, డీజిల్, సామాన్లు, మెకానిక్ కూలి అన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. కొన్ననాడు నేను భయపడిన ఖర్చులు ఒకటి, ఈ పుస్తకంలో తేలిన ఖర్చులు మరొకటి.

ముందుగా అప్పు సంగతి చెప్పాలి. ట్రక్కు, గొర్రు, రోటవేటర్ కాకుండా ట్రాక్టరు ఒక్కదానికే 6,20,000 రూపాయలయింది. 2,20,000 చేతి నుంచి కట్టి, మిగిలిన 4,00,000 ఫైనాన్సు తీసుకున్నాను. వడ్డీ 9 శాతమే అని షోరూంలోని ఫైనాన్సు ప్రతినిధి చెప్పినప్పుడు బ్యాంకు చెప్పిన 12 శాతం కంటే ఇదే నయమనిపించింది. అయితే ఆ 9 శాతం ఫ్లాట్ వడ్డీ. అంటే అసలు ఏటేటా తీరుతున్నా వడ్డీ మాత్రం ఐదేళ్లూ మొత్తం నాలుగు లక్షల మీదే పడుతుంది. ఆరు నెలలకు 58,000 చొప్పున పది వాయిదాల్లో 5,80,000 కట్టాను. తరిగే అసలు మీద లెక్కగడితే ఆ వడ్డీ ఏడాదికి దాదాపు 15 శాతమని తర్వాత తెలిసింది. బ్యాంకు 12 శాతానికే, అదీ తరిగే అసలు మీద ఇస్తానంది. అక్కడ భూమి కాగితాలు పెట్టి నెల రోజులు తిరగాలి గనుక, దమ్ముల వేళ దగ్గరపడుతోందన్న ఆదుర్దాలో వద్దనుకున్నాను. ఆ తొందర వల్ల నేను ఎక్కువ కట్టింది 36,000 రూపాయల పైమాటే. మా ప్రాంతంలో ట్రాక్టరు కొనేవారు మాఘ, ఫాల్గుణ మాసాల్లోనే బ్యాంకు పని మొదలుపెట్టుకుంటే ఈ నష్టం ఉండదు.

మా నేలల్లో ట్రాక్టరును పాడుచేసేవి రెండు: వానాకాలం బురద, వేసవి దుమ్ము. దమ్ము సమయంలో ఇనుప చక్రాలు వేసుకుని మోకాటి లోతు బురదలో రోజుకు పది గంటలు తిరిగినప్పుడు ముందు హబ్బుల్లోని ఆయిల్ సీళ్లు, బేరింగులు ముందుగా పోతాయి. మొదటి రెండేళ్లలోనే ఒకసారి మార్చాను. ఆ తర్వాత దమ్ములు ముగిసిన వారంలోపే హబ్బులు విప్పించి, పాత గ్రీజు కడిగించి, కొత్త గ్రీజు పెట్టించడం అలవాటు చేసుకున్నాను. 600 రూపాయలతో అయ్యే ఈ పనిని ఒక ఏడాది వాయిదా వేసినందుకు 7,000 రూపాయల బేరింగులు కొనవలసి వచ్చింది. క్లచ్ ప్లేట్లు 1,600 గంటలకే అరిగిపోవడానికి మాత్రం బురదను అనలేను. మా డ్రైవరు గట్ల దగ్గర తిప్పుకోవడానికి వీలుగా క్లచ్ పెడల్ మీద కాలు పెట్టే నడిపేవాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పూట నేనే నడిపి చూపించాను. రెండో జత ప్లేట్లు 3,000 గంటలకు పైగా పనిచేశాయి.

దుమ్ము చేసిన నష్టం బురద కంటే పెద్దది, అది తప్పించుకోగలిగిన నష్టం కూడా. మినుము తీసిన తర్వాత ఎండిన నల్లరేగడిలో వేసవి దుక్కి చేస్తే ట్రాక్టరు చుట్టూ మబ్బులా దుమ్ము లేస్తుంది. ఆ రోజుల్లో ఎయిర్ క్లీనరు అడుగు గిన్నెలోని నూనెను రోజూ చూసి, మడ్డి పేరుకుంటే మార్చాలి. నూనె నేను మారుస్తూనే ఉన్నాను గానీ, క్లీనరు నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం బిగింపు దగ్గర చిన్న చీలిక పడిన సంగతి గమనించలేదు. వడపోత లేని గాలి ఎంతకాలం లోపలికి పోయిందో తెలియదు. 2021 నాటికి, 3,900 గంటల దగ్గర, ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. బరువు పడితే నీలిపొగ వచ్చేది, బ్రీదర్ గొట్టం నుంచి ఆవిరి కొట్టేది. పిస్టన్లు, లైనర్లు, రింగులు మార్చక తప్పలేదు. ఆ రబ్బరు గొట్టం ఖరీదు అప్పట్లో 250 రూపాయలు.

ఆ ఇంజను పనికి ఒక షోరూం వర్క్‌షాపు 1,12,000 రూపాయల అంచనా ఇచ్చింది. అందులో క్రాంకు గ్రైండింగ్, కొత్త ఆయిల్ పంపు, హెడ్డు మార్పు కూడా ఉన్నాయి. ఇంజను ఇంకా విప్పకుండానే ఇవన్నీ ఎలా తేల్చారని అడిగితే, ఇన్ని గంటలు తిరిగిన బండికి మామూలుగా అవసరమవుతాయన్నారు. విప్పి కొలిచిన తర్వాత నిర్ణయిద్దామనుకుని బండిని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్లాను. అక్కడ లేత్ షాపులో మైక్రోమీటరుతో కొలిస్తే క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) అరుగుదల పరిమితిలోనే ఉన్నాయి. హెడ్డు కూడా బాగానే ఉంది, వాల్వులు మాత్రం గ్రైండ్ చేస్తే సరిపోయింది. కొత్త లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు, కూలితో కలిపి 71,000 రూపాయలయింది. బండిని లారీ మీద తీసుకువెళ్లి తెచ్చుకోవడం, నాలుగు రోజులు అక్కడే ఉండడం అదనం. అయినా కొలతలు నా కళ్ల ముందే తీశారు, తీసేసిన ప్రతి సామానూ నా చేతికి ఇచ్చారు. పెద్ద మరమ్మతుకు ఒప్పుకునే ముందు ఈ రెండూ అడగడం యజమాని హక్కు, మంచి మెకానిక్ అందుకు నొచ్చుకోడు.

లిఫ్టు విషయంలోనూ ఇదే జరిగింది. రోటవేటర్‌ను ఎత్తడానికి బండి తడబడుతుంటే హైడ్రాలిక్ పంపు పోయిందని, 22,000 అవుతుందని ఒకచోట చెప్పారు. మా ఊరి పాత మెకానిక్ ముందుగా సక్షన్ జల్లెడ విప్పి చూశాడు. దానికి మడ్డి, సన్నని లోహపు పొడి పట్టి, నూనె లోపలికి అందడం లేదు. జల్లెడ కడిగి, ఫిల్టరు మార్చి, తగ్గిన నూనె పోస్తే 1,900 రూపాయలతో లిఫ్టు మామూలుగా పనిచేసింది; ఆ పంపే ఈనాటికీ నడుస్తోంది.

సామాన్ల విషయంలో నేను ఒక తప్పు చేశాను. 140 రూపాయలు తక్కువ వస్తుందని, అట్ట చూస్తే అసలుదానిలాగే ఉన్న ఆయిల్ ఫిల్టరు ఒకటి కొన్నాను. తర్వాతి సర్వీసులో విప్పేసరికి లోపలి కాగితం ముడుచుకుపోయి, అతుకు ఊడి ఉంది. అప్పటి నుంచి ఫిల్టర్లు, సీళ్లు, బేరింగులు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొంటున్నాను. బానెట్ రేకులు, లైట్లు, సీటు, పిన్నుల వంటివాటికి మాత్రం ఏ సంస్థ సామానైనా నష్టం లేదు.

నా పుస్తకం నాకు నేర్పిన ముఖ్యమైన విషయం ఇక్కడ రాయాలి. ఈ 11 ఏళ్లలో సర్వీసులు, టైర్లు, క్లచ్, ఇంజను, బ్యాటరీలు అన్నీ కలిపి మరమ్మతులకు 3,34,000 రూపాయలయింది. గంటకు 58 రూపాయలు పడింది. ఇప్పుడు అమ్మితే 2,40,000 ఇస్తామంటున్నారు గనుక తరుగుదల గంటకు 66 రూపాయలు, కట్టిన వడ్డీ గంటకు 31 రూపాయలు. మూడూ కలిపితే 155. దీనికి ఎదురుగా ఒక గంటకు కాలే డీజిల్, పని బరువును బట్టి మారినా, సగటున నాలుగున్నర లీటర్లు. లీటరు 97 రూపాయల లెక్కన అది 430 రూపాయలు దాటుతుంది. మరమ్మతు బిల్లు ఒకేసారి చేతిలో పడుతుంది గనుక గుండె ఝల్లుమంటుంది, డీజిల్ మాత్రం రోజుకు కొంచెం చొప్పున పోతుంది గనుక ఎవరూ లెక్కపెట్టరు.

2023లో నేను ఒక చిన్న పరీక్ష చేశాను. టాంకు నిండా డీజిల్ పోసి, ఒకే చేలో ఐదు గంటలు రోటవేటర్ తిప్పి, మళ్లీ నిండేదాకా ఎన్ని లీటర్లు పట్టిందో చూశాను, గంటకు 5.6 లీటర్లు పడింది. నాజిళ్లను పంపు షాపులో ప్రెషరు పెట్టి చూస్తే మూడింటిలో రెండు తుంపరగా కొట్టకుండా చుక్కలు కారుస్తున్నాయి. 4,200 రూపాయలతో మూడూ మార్చించి, అదే చేలో మళ్లీ తిప్పితే 4.9 లీటర్లు పడింది. గంటకు 0.7 లీటరు అంటే అప్పటి ధరకు 68 రూపాయలు, నా సగటు మరమ్మతు ఖర్చు కంటే ఎక్కువ. 62 గంటల పనిలోనే నాజిళ్ల డబ్బు తిరిగి వచ్చింది. అరిగిన రోటవేటర్ బ్లేడ్లు, మూసుకుపోయిన ఎయిర్ క్లీనరు, గాలి తక్కువైన వెనుక టైర్లు కూడా ఇలాగే డీజిల్ తాగిస్తాయి. పొగ నల్లగా వస్తోందంటే యజమాని జేబు కాలుతోందని నేను ఇప్పుడు నమ్ముతున్నాను.

ఇక కొత్త ట్రాక్టరు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, ట్యూబులు, క్లచ్, రేడియేటర్, గేరుబాక్సు, హైడ్రాలిక్ పంపు వంటివాటిపై 18 నుంచి 5కు తగ్గింది. 45 హెచ్‌పీ బండికి 45,000 రూపాయల వరకు తగ్గుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అప్పుడు ప్రకటించారు. మా అబ్బాయి ఈ తగ్గింపు చూసి బండి మార్చేద్దామన్నాడు. తగ్గిన తర్వాత కూడా మాకు చెప్పిన ధర 7,60,000; పాతది ఇచ్చేస్తే ఇంకా 5,20,000 కావాలి. దాని మీద 12 శాతం వడ్డీయే మొదటి ఏడాది 62,400. మా బండి ఏడాదికి తిరిగేది 530 గంటలు గనుక గంటకు 118 రూపాయలు వడ్డీకే పోతాయి. ట్రాక్టరు ఖర్చు లెక్కల్లో ఏడాదికి 1,000 గంటల పని అనుకోవడం వాడుక. డెల్టాలో దమ్ములు అందరికీ ఒకేసారి వస్తాయి, మినుము వరి చేలోనే దున్నకుండా చల్లుతాం, కాబట్టి ఆ గంటలు మాకు దొరకవు. ఉన్న బండికి ఏడాదికి 60,000 మించి మరమ్మతు అయ్యే రోజు వస్తే అప్పుడు మారుద్దామని అబ్బాయితో అన్నాను, లెక్క చూసి అతనూ ఒప్పుకున్నాడు.

శక్తి ఎక్కువ కావాలని 50 హెచ్‌పీ దాటిన బండి వైపు చూసేవారు ఒక తేడా గమనించాలి. 2023 జనవరి 1 నుంచి ఆ తరగతికి ట్రాక్టరు పొగను కట్టడి చేసే ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు వచ్చాయి గనుక వాటిలో ఎక్కువగా కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్లు వస్తున్నాయి. అవి శుభ్రంగా మండుతాయి, పొగ తక్కువ. కానీ లోపం వస్తే ఊరి మెకానిక్ స్పానరుతో తేల్చలేడు, స్కానరు ఉన్నచోటికి వెళ్లాలి. దమ్ముల వారంలో బండి రెండు రోజులు ఆగితే పోయే కిరాయి ఎంతో లెక్కగట్టుకుని, ఆ సదుపాయం ఎంత దూరంలో ఉందో కనుక్కున్న తర్వాతే అడుగు వేయడం మంచిది. ఏ బండి కొన్నా బానెట్ మీద రాసిన హెచ్‌పీని కాకుండా, మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర సంస్థ ఇచ్చే పరీక్షా నివేదికలో పీటీఓ (వెనుక పనిముట్లను తిప్పే షాఫ్టు) శక్తి, ఇంధన వినియోగం ఎంతో చూడాలి. రోటవేటర్‌ను తిప్పేది ఆ పీటీఓ శక్తే.

ప్రస్తుతం మా ట్రాక్టరు ఆయిల్ తాగడం లేదు, చలికాలం ఉదయాన కూడా ఒక్క సెల్ఫుకే లేస్తుంది. కుడివైపు వెనుక ఆక్సిల్ సీలు దగ్గర తడి కనిపిస్తోంది. వదిలేస్తే బ్రేకు హౌసింగ్‌లోకి బురద చేరుతుంది గనుక ఈ వేసవి దుక్కులు కాగానే రెండు వైపులా మార్పించాలి. 13.6-28 సైజు వెనుక టైర్లకు ఒకసారి రీట్రేడింగ్ అయిపోయింది. వచ్చే తొలకరి లోపు, తగ్గిన పన్నుతో కొత్త జత వేయించడానికి డబ్బు పక్కన పెట్టాను.