షీట్ బెండ్ ముడి: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కళ్లంలో ధాన్యం రాశి మీద బరకం కప్పేటప్పుడు తాడు ఎప్పుడూ ఒక మూర తక్కువే పడుతుంది. లావు తాడుకు సన్న నైలాన్ తాడు అతకక తప్పదు. నవంబరు, డిసెంబరుల్లో తుఫాను గాలికి నిలవాల్సింది ఆ అతుకే. దానికి నేను వాడేది షీట్ బెండ్. చేపల వలలో ఒక్కో కన్ను దగ్గర పడే ముడి, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి కూడా నిర్మాణంలో ఇదే.

లావు తాడు కొసను వెనక్కి మడవాలి. సన్న తాడును ఆ మడతలోంచి పైకి తీసి, రెండు పాయల వెనకగా ఒక చుట్టు తిప్పి, కొసను ఆ సన్న తాడు కిందనుంచే దూర్చి బిగించాలి. చూసుకోవాల్సిందల్లా చుట్టు ఎటునుంచి మొదలైందన్నదే. లావు తాడు పొట్టి కొస వైపు నుంచి మొదలుపెడితే కొసలు రెండూ ఒకే వైపుకి వస్తాయి. రెండో వైపు నుంచి చుడితే చెరో వైపుకి పోతాయి. గరుకైన కొబ్బరి తాడైతే రెండు రకాలూ ఆగుతాయి. నైలాన్ మీద అలా కాదు. రాత్రంతా బరకం టపటపా కొట్టుకుంటే చెరో వైపు కొసలున్న ముడి కొంచెం కొంచెంగా జారుతుంది. సాయంత్రం జానెడు వదిలిన కొస తెల్లారేసరికి బెత్తెడు కూడా ఉండదు. అందుకే నైలాన్‌కు ఇంకో చుట్టు వేసి డబుల్ చేస్తాను. ఆ ఒక్క చుట్టుతో నాకు దిగులు తగ్గింది.

అందరికీ అలవాటైన రెండు పేటల ముడిలోనూ తేడా ఇంతే చిన్నది. రెండుసార్లూ కుడి కొసనే ఎడమ దాని మీదుగా వేస్తే కొసలు అడ్డంగా నిలబడతాయి, ముడి జారుతుంది. రెండోసారి ఎడమ కొసను కుడిదాని మీదుగా వేస్తే చదునుగా కూర్చుంటుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, లాగితే రంగు మారే పోగులతో ముళ్లు వేసి చూశారు. తాళ్లు ఎన్నిచోట్ల దాటుకుంటున్నాయి, పక్కపక్క పాయలు ఎటు మెలిపడుతున్నాయి, ఎటు జారుతున్నాయి అన్న లెక్కతోనే ముడి పట్టు తేలుతుందని చెప్పారు. మెలికలు ఎదురెదురుగా పడితే ఒకదాన్నొకటి ఆపుతాయి, ఒకే వైపు పడితే కలిసి దొర్లిపోతాయి. అయినా ఆ చదును ముడిని నేను బస్తా మూతికే వాడతాను. ఒక కొసను పక్కకి గట్టిగా గుంజితే అది తిరగబడి ఊడిపోతుంది. రెండు తాళ్లు అతకడానికి పనికిరాదు.

షీట్ బెండ్‌కూ లోపముంది. బరువు లేకుండా ఊగుతుంటే వదులవుతుంది, అందుకే పొద్దున్నే ఓసారి బిగించి చూడాలి. విప్పడం మాత్రం హాయి. వానలో తడిసినా మడతను వెనక్కి వంచితే వదిలేస్తుంది. రెండు తాళ్లు అతికే ఇంకో ముడి, జెపెలిన్ బెండ్, ఇంతకన్నా గట్టిది, బాగా లాగాక కూడా సులువుగా విప్పుకోవచ్చు. కానీ అందులో ఒక కొస తప్పు వైపు నుంచి దూరితే అది వేరే ముడి అయిపోతుంది. చీకట్లో తడిచేతులతో వేయాలంటే నాకు షీట్ బెండే నమ్మకం. బావిలో మోటారు దించే చోట, తాడు పట్టుకుని మనిషి దిగే చోట దీన్నీ వాడను. అక్కడికి అతుకులేని మోకు కొనాల్సిందే.