అలబామా పొమ్మంది, కాలిఫోర్నియా లైసెన్స్ ఇచ్చింది: ఏది మేలు?

అమెరికాలో వీసా ఇచ్చేది, సరిహద్దు కాసేది కేంద్ర ప్రభుత్వం. డ్రైవింగ్ లైసెన్స్, బండి రిజిస్ట్రేషన్, పిల్లల బడి, ఊరి పోలీసు మాత్రం రాష్ట్రాల చేతిలో ఉంటాయి. వీసా లాంటి అనుమతి కాగితాలు లేకుండా బతుకుతున్నవాళ్ల విషయంలో రాష్ట్రాలు తమ చేతిలో ఉన్న వీటినే వాడుకున్నాయి. కొన్ని రాష్ట్రాలు వాళ్లకి రోజు గడవడమే కష్టం చేసి, వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయేలా చూశాయి. ఇంకొన్ని ఎలాగూ ఇక్కడే ఉంటున్నారు కాబట్టి కనీసం రోడ్డు మీదైనా లెక్కలోకి రానిద్దాం అనుకున్నాయి. మొదటి దారికి 2011 నాటి అలబామా హెచ్‌బీ 56, రెండో దారికి 2015లో అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా ఏబీ 60 అనే చట్టాలు సరిగ్గా సరిపోతాయి. నా ఓటు కాలిఫోర్నియాకే. ఎందుకో చెబుతాను.

అలబామా గవర్నర్ రాబర్ట్ బెంట్లీ 2011 జూన్ 9న ఆ చట్టం మీద సంతకం చేశారు. బండి ఆపిన పోలీసుకి అనుమానం వస్తే డ్రైవర్ ఇమిగ్రేషన్ స్థితి ఆరా తీయాలి. బడిలో కొత్తగా చేరే పిల్లల స్థితి కూడా కనుక్కోవాలి. కాగితాలు లేనివాళ్లు ప్రభుత్వ ఆఫీసుతో లావాదేవీ పెట్టుకుంటే అది నేరం. సెప్టెంబర్ 28న ఫెడరల్ జడ్జి ఇందులో చాలా భాగాల అమలుకి దారి ఇచ్చారు. ఆ తర్వాతి సోమవారం రాష్ట్రమంతటా రెండు వేలకి పైగా హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు బడికి రాలేదు. ఆ కుటుంబాల పిల్లల్లో చాలామంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. అప్పటికే చదువుతున్న పిల్లల్ని బడి మానమని చట్టంలో ఎక్కడా లేదు. అయినా తల్లిదండ్రులు భయపడ్డారు, పిల్లల్ని ఇంట్లో ఉంచేశారు. రెండు వారాలకి పై కోర్టు బడులకి సంబంధించిన సెక్షన్‌ని ఆపింది.

మొబైల్ హోమ్‌ల సంగతి చూస్తే ఈ చట్టం ఎలా పనిచేసిందో బాగా అర్థమవుతుంది. అలబామాలో సొంత మొబైల్ హోమ్ (లాగించుకుపోగలిగే ఇల్లు) ఉన్నవాళ్లు ఏటా కౌంటీ ఆఫీసుకి వెళ్లి రుసుము కట్టి, ఒక స్టిక్కర్ తెచ్చుకుని ఇంటికి అతికించాలి. కొత్త చట్టం వచ్చాక స్టిక్కర్ కావాలంటే ఇమిగ్రేషన్ కాగితాలు చూపమన్నారు. స్టిక్కర్ లేకుండా ఉంటే తప్పు. వెళ్లి అడిగితే ఇంకా పెద్ద నేరం. పోనీ, ఇల్లు లాగించుకుని వేరే రాష్ట్రానికి పోదామన్నా ఆ స్టిక్కర్ ఉంటేనే పర్మిట్ ఇస్తారు. పొమ్మన్నారు, పోయే దారీ మూశారు. చివరికి మోంట్‌గోమరీలోని ఫెడరల్ జడ్జి దీన్ని అడ్డుకున్నారు.

చట్టాన్ని సమర్థించినవాళ్ల వాదన ఒక్కటే: వీళ్లు పోతే ఆ పనులు స్థానికులకి దొరుకుతాయి. మాంద్యంలో పని పోయి కూర్చున్నవాడికి ఆ మాట న్యాయంగానే వినిపిస్తుంది, అందుకే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. అలబామాలోని చాండ్లర్ మౌంటెన్ టమాటా రైతుల దగ్గర అది పరీక్షకి నిలిచింది. అక్కడ కూలి పెట్టె లెక్కన ఇస్తారు. చెయ్యి తిరిగిన కూలీలు వెళ్లిపోయాక కొత్తగా స్థానికుల్ని తీసుకొస్తే, పాతిక మంది రోజంతా కోసినా తలా 24 డాలర్లే వచ్చాయని, వాళ్లని కూడగట్టినాయన అప్పట్లో పత్రికలకి చెప్పారు. చాలామంది మర్నాటికి రాలేదు. పండిన కాయలు చెట్టుకే కుళ్లిపోయాయి. పక్క రాష్ట్రం జార్జియా కూడా అదే ఏడాది ఇలాంటి చట్టమే చేసింది. కూలీలు దొరక్క రైతులు గోల పెడితే, గవర్నర్ నాథన్ డీల్ ప్రొబేషన్‌లో (శిక్ష పడినా జైలు బదులు నిఘాలో బయట) ఉన్నవాళ్లని పొలాలకి పంపే పథకం తెచ్చారు. ఎండలో దోసకాయలు కోయలేక కొందరు మధ్యాహ్నానికే వెళ్లిపోయారు.

ఇలాంటి చట్టాల వల్ల ఎన్ని కోట్ల డాలర్ల నష్టం వచ్చిందనే లెక్కలు చాలా తిరిగాయి. వాటికంటే నాకు అరిజోనా మీద జరిగిన అధ్యయనం నమ్మకంగా అనిపిస్తుంది. కాగితాలు లేనివాళ్లని పనిలో పెట్టుకునే యజమానుల మీద చర్య తీసుకునే చట్టం అక్కడ 2008లో అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియా పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకుల అంచనా ప్రకారం రెండేళ్లలో పౌరసత్వం లేని హిస్పానిక్ జనాభా సుమారు 92,000 తగ్గింది. జనాన్ని తగ్గించడమే లక్ష్యమైతే ఆ చట్టం పనిచేసినట్టే. కానీ మిగిలినవాళ్లలో చాలామంది జీతం ఉద్యోగాలు వదిలి, ఎవరి లెక్కకీ అందని చిన్నాచితకా సొంత పనుల్లోకి జారుకున్నారు.

ఇక కాలిఫోర్నియా. అక్కడ 1994 నుంచి కాగితాలు లేనివాళ్లకి లైసెన్స్ లేదు. అయినా వాళ్లు బండి నడపడం మానలేదు. పొలాలు విస్తారంగా ఉన్న సెంట్రల్ వ్యాలీలో కారు లేకుండా పొలానికి ఎలా వెళ్తారు? పట్టుబడితే బండి 30 రోజులు లాక్కునేవాళ్లు, విడిపించుకోవడానికి కూలివాడి నెల సంపాదన సరిపోయేది కాదు. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2013లో సంతకం చేసిన ఏబీ 60, కాగితాలు లేనివాళ్లకీ లైసెన్స్ ఇవ్వడంతో పరిస్థితి మారింది. మొదటి ఏడాదిలోనే సుమారు 6,05,000 లైసెన్స్‌లు ఇచ్చారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో తేల్చింది ఏమిటంటే, మొత్తం ప్రమాదాలు పెరగలేదు, హిట్ అండ్ రన్ కేసులు మాత్రం 7 నుంచి 10 శాతం తగ్గాయి. గుద్దినవాడు భయంతో పారిపోకుండా ఆగాడు. దాని లాభం దెబ్బ తిన్నవాడిది, వాడు ఏ దేశంవాడైనా సరే.

దీనికీ లోపాలున్నాయి. మొదట్లో ఆ కార్డు మీద ఫెడరల్ పరిమితులు వర్తిస్తాయని అచ్చు వేసేవాళ్లు, చూసినవాడికి విషయం అర్థమైపోయేది. లైసెన్స్‌లు ఇచ్చే ఆఫీసు డీఎంవీలో ఇచ్చిన అడ్రస్ ఎవరి చేతికి పోతుందోనన్న టెన్షన్ తీరదు. పని హక్కు రాదు, పొలంలో కూలీ పెరగదు.

యూటా మధ్యే మార్గం పట్టి, 2011లో వలస కూలీలకి రాష్ట్రమే పర్మిట్ ఇచ్చే చట్టం చేసింది. కేంద్రం అనుమతి రాక అది మొదలే కాలేదు. అలబామా 2013లో కోర్టు రాజీలో చాలా సెక్షన్లు వదిలేసుకుంది. అలాగని ఆ దారి మూతపడలేదు. 2023లో ఫ్లోరిడా, కాగితాలు లేనివాళ్లకి వేరే రాష్ట్రాలు ఇచ్చిన కొన్ని రకాల లైసెన్స్‌లు తమ దగ్గర చెల్లవని చట్టం చేసింది.

"మనం వీసా మీద వచ్చాం కదా, మనకెందుకు?" అనే మాట మనవాళ్ల దగ్గర తరచూ వినిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్ల లైసెన్స్ గడువు, దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితం గడువుతోనే ముడిపడి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ ఆలస్యమైతే భర్త వీసా మీద ఆధారపడి హెచ్-4 మీద ఉంటూ పిల్లల్ని బడిలో దింపే తల్లి ఇదే డీఎంవీ కౌంటర్ ముందు నిలబడాలి. పైగా పోలీసుకి ముఖం చూస్తే వీసా కనబడదు. 2011 నవంబర్‌లో అలబామాలోని టస్కలూసాలో అద్దె కారు నడుపుతున్న ఒకాయన్ని ఆపారు. చేతిలో జర్మన్ గుర్తింపు కార్డు తప్ప లైసెన్స్ లేదు. కొత్త చట్టం ప్రకారం అరెస్ట్ చేశారు. ఆయన ఆ ప్రాంతంలోనే పెద్ద ఫ్యాక్టరీ పెట్టి వేల మందికి ఉద్యోగాలిచ్చిన మెర్సిడెస్-బెంజ్‌లో మేనేజర్. పాస్‌పోర్ట్, వీసా, లైసెన్స్ అన్నీ హోటల్ గదిలో ఉన్నాయి, తోటి ఉద్యోగి వెళ్లి తెచ్చాకే వదిలారు.