పల్నాడు ఎండల్లో క్లాసిక్ 350కి ఏ ఆయిల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాది పాత యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండే రకం) ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, అంటే 346 సీసీ బండి. ఉద్యోగం పనిమీద గుంటూరు, పిడుగురాళ్ల, మాచర్ల మధ్య కొన్నేళ్లుగా దీని మీదే తిరుగుతున్నాను. ఎండల వార్తల్లో తరచూ వినబడే రెంటచింతల కూడా అటువైపే. ఈ బండిలో మూడు రకాల ఆయిల్ వాడాను: కంపెనీ పుస్తకంలో రాసిన 15డబ్ల్యూ-50 సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపినది), 20డబ్ల్యూ-50 మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసేది), 15డబ్ల్యూ-50 ఫుల్లీ సింథటిక్ (రసాయన పద్ధతిలో తయారుచేసేది). చివరికి మొదటిదాని దగ్గరే స్థిరపడ్డాను. ఎందుకో వివరంగా చెప్పాల్సిన అవసరం ఉంది, ఎందుకంటే వేసవి రాగానే షెడ్డుల్లో ఇచ్చే సలహాల్లో సగం డబ్బా మీది మొదటి అంకె చుట్టూనే తిరుగుతాయి.

ఆ మొదటి అంకెకు మన ఎండలతో సంబంధం లేదు. డబ్ల్యూ పక్కన ఉండేది చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించిన కొలత. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మన్యంలో లంబసింగి చలి కూడా సున్నా దరిదాపుల్లోనే ఆగుతుంది. మనకు పనికొచ్చేది రెండో అంకె. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది: 30 గ్రేడుకు 9.3 నుంచి 12.5 సెంటీస్టోకులు (చిక్కదనం కొలత, అంకె పెరిగితే చిక్కదనం పెరిగినట్టు), 40కి 12.5 నుంచి 16.3, 50కి 16.3 నుంచి 21.9.

గాలితో చల్లబడే ఇంజన్‌లో ఆయిల్ 100 దగ్గరే ఆగదు. బయట గాలి ఎంత వేడెక్కితే లోపలి ఆయిల్ కూడా ఇంచుమించు అంత పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నం పిడుగురాళ్ల దాటాక సున్నం లారీల వెనుక రెండో గేరులో పాకుతున్నప్పుడు గాలి కూడా తగలదు. 50 గ్రేడు ఆయిల్ 120 డిగ్రీలకు చేరితే, 30 గ్రేడు 100 దగ్గర ఎంత పలుచగా ఉంటుందో దాదాపు అంత పలుచన అవుతుంది. ఈ ఇంజన్‌లో టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకం. ఆయిల్ నీరుకారితే ముందుగా తెలిసేది అక్కడే: బండి ఆపి ఐడిలింగ్‌లో ఉంచితే టకటకమనే శబ్దం పైకి వస్తుంది. పుస్తకంలో 50 అని ఎందుకు రాశారో ఆ శబ్దం విన్నవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

20డబ్ల్యూ-50 మినరల్ కొత్తగా పోసినప్పుడు చాలా బాగుంటుంది. ఇంజన్ నిండుగా, మెత్తగా నడుస్తుంది. ధర కూడా తక్కువ. కానీ నడి వేసవిలో రెండు వేల కిలోమీటర్లు దాటేసరికి గేర్లు బరువెక్కడం, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకకపోవడం మొదలయ్యేవి. దీనికి తప్పు 20 అనే అంకెది కాదు. పైగా 20కి, 50కి మధ్య దూరం తక్కువ కనుక చిక్కదనం నిలబెట్టడానికి కలిపే పాలిమర్లు తక్కువ పడతాయి, ఆ విషయంలో దానికే మేలు. మినరల్ ఆయిల్ వేడికి త్వరగా ఆక్సీకరణ చెందుతుంది, అదీ చిక్కు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో గేర్‌బాక్సుకు వేరే ఆయిల్ ఉండేది. యూసీఈలో ఇంజన్, క్లచ్, గేర్లు అన్నిటికీ ఒకటే ఆయిల్, కాబట్టి గేరు పళ్ల మధ్య నలిగి పాలిమర్లు కూడా తెగిపోతాయి. మినరల్ వాడేవారు వేసవిలో ముందుగా మార్చేస్తే ఇబ్బంది ఉండదు.

సెమీ సింథటిక్ 15డబ్ల్యూ-50లో ఆ మార్పు చాలా ఆలస్యంగా వస్తుంది. ఫుల్లీ సింథటిక్ ఇంకొంచెం నయమే. అయితే నా వేగానికి, నా దూరాలకు ఆ అదనపు ధర గిట్టుబాటు కాలేదు. రోజంతా హైవే మీద పరుగెత్తించేవారి లెక్క వేరు కావచ్చు.

వేసవి కదా అని ప్రతి బండికీ చిక్కటి ఆయిల్ పోయడం మాత్రం నేను ఒప్పుకోను. మా తమ్ముడి స్ప్లెండర్‌కు పుస్తకం చెప్పేది 10డబ్ల్యూ-30. మెకానిక్ "అన్నా, ఎండలు ముదిరాయి, 20డబ్ల్యూ-50 పోద్దామా?" అని అడిగితే వద్దన్నాను. ఆ ఇంజన్ పంపు, సందులు, బేరింగులు పలుచటి ఆయిల్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి. మరీ చిక్కనిది పోస్తే అది నెమ్మదిగా తిరుగుతుంది, వేడిని మోసుకుపోవడం తగ్గుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. చిక్కటి ఆయిల్ ఇంజన్‌ను చల్లగా ఉంచుతుందన్నది బలంగా నాటుకుపోయిన అపోహ.

అంకె సరిపోయింది కదా అని కారు ఆయిల్ కూడా పోయకూడదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బైకుల క్లచ్‌కు సరిపడే ఆయిల్ అని చెప్పే జపాన్ ప్రమాణం) అని ఉండాలి. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధన పొదుపు కోసం కొన్ని కారు ఆయిళ్లలో కలిపే రసాయనాల వల్ల ప్లేట్లు జారుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు.

గ్రేడు ఎంత సరైనదైనా మట్టం తగ్గితే ఫలితం లేదు. తక్కువ ఆయిల్ ఎక్కువ వేడెక్కుతుంది. వేసవిలో వారానికోసారి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కాసేపు నడిపి ఆపి, ఆయిల్ కిందికి దిగాక కుడివైపు గాజు కిటికీలో చూస్తాను. మట్టం రెండు గీతల మధ్యలో ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో అది నెమ్మదిగా కిందికి జారడం కనిపిస్తుంది. మార్చి చివర్లో ఆయిల్, ఫిల్టర్ కలిపి మారుస్తాను, గడువు మిగిలి ఉన్నా సరే.

సెమీ సింథటిక్‌తో నాకున్న ఒకే ఇబ్బంది దొరకడం. చిన్న ఊళ్ల దుకాణాల్లో ఎక్కువగా 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 మాత్రమే ఉంటాయి. అందుకే మూత సీలు, తయారీ తేదీ చూసుకుని గుంటూరులోనే ఒక లీటరు అదనంగా కొని సైడ్ బాక్సులో పెట్టుకుంటాను. మట్టం తగ్గితే అందులోంచే పోస్తాను.